మా టైగరు గుర్రుమనుట మానిన నాడు

శునకములకు శిక్షణ ఇచ్చే విషయమును గురించి ఈ వైద్యుడు ఎందుకు వ్రాస్తున్నాడని మీకు అనిపించవచ్చును. నేను మనుషులకు వైద్యము చేసిన వాడిని. మూడున్నర దశాబ్దములు ప్రభుత్వ వైద్యశాలలలో జ్వరములు, మధుమేహము, రక్తపుపోటు చూసి పదవీ విరమణ చేసాను. ఆ కాలములో కుక్కకాటుతో వచ్చిన వారికి టీకాలు వ్రాసిన సందర్భములు లెక్కకు అందవు. "ఊరకుక్కా, పెంపుడు కుక్కా? దానికి టీకాలు వేయించారా? ఇప్పుడు బ్రతికి ఉందా?" ఇవే నేను అడిగిన ప్రశ్నలు. కుక్క ఎందుకు కరచింది అని ఒక్కరిని కూడా అడుగలేదు. మా ఇంటి కుక్క మా మనుమరాలిని కరచిన నాటి వరకు ఆ ప్రశ్న నాకు తోచనే లేదు.

టైగరు మా ఇంటికి వచ్చింది ఒక శ్రావణమాసపు వానలో. వీధిలో పుట్టిన నాటుకుక్క పిల్ల. తడిసి ముద్దయి మా గేటు ప్రక్కన ముడుచుకొని ఉంటే నా భార్య గిన్నెలో పాలు, అన్నము కలిపి పెట్టింది. మరునాడు అది వెళ్ళలేదు. మూడవ నాటికి దానికి పేరు వచ్చింది. టైగరు అని పేరు పెట్టామే గాని, ఉరుము ఉరిమితే మంచము క్రిందకు దూరే జీవి అది. నేనే స్వయముగా పశువైద్యశాలకు తీసుకువెళ్ళి రేబీస్ టీకాతో సహా అన్నీ వేయించి, కార్డు భద్రపరచాను. వైద్యుడిగా నా బాధ్యత అంతటితో తీరిందని అనుకున్నాను.

ఎనిమిది నెలల వయస్సు వచ్చేసరికి దానిలో ఒక అలవాటు కనిపించింది. అన్నపు గిన్నె దగ్గరకు ఎవరైనా వస్తే శరీరము బిగుసుకొనేది. తల గిన్నెలోనే ఉంచి ఇంకా వేగముగా తినేది. కంటి కొనలో తెల్లగ్రుడ్డు కనిపించేటట్లు ప్రక్కకు చూసేది. మనము ఇంకొక అడుగు వేస్తే గొంతులో నుంచి సన్నగా గుర్రుమనేది. వీధిలో నలుగురైదుగురు తోబుట్టువుల నడుమ పుట్టి, దొరికినది దొరికినట్లు మ్రింగితేనే బ్రతుకు అన్నట్లు పెరిగిన జీవికి అది సహజమని నాకు అప్పుడు తెలియదు. అన్నము పెట్టిన చేతి మీదనే గుర్రుమంటుందా అని కోపము వచ్చింది.

ఉదయపు నడకలో కలిసే మిత్రులు తలొక సలహా ఇచ్చారు. "దెబ్బకు దెయ్యం దడుస్తుంది డాక్టరు గారూ, కుక్కెంత?" అన్నారు ఒకరు. ఉద్యోగములో క్రమశిక్షణకు పేరుపడిన ఇంకొకరు, "ఇంట్లో యజమాని ఎవరో దానికి తెలియాలండీ. తినేటప్పుడు గిన్నె లాగెయ్యండి. గుర్రుమంటే ఒక్కటి వెయ్యండి. నాలుగు రోజుల్లో దారికి వస్తుంది," అన్నారు. నాకు రెండవ సలహా శాస్త్రీయముగా తోచింది! దినపత్రికను గొట్టముగా చుట్టి చేతికి అందేటట్లు పెట్టుకొన్నాను. అది తింటుండగా గిన్నె తీసేవాడిని. గుర్రుమంటే ముక్కు మీద కొట్టేవాడిని. రెండు వారములలో గుర్రుమనుట పూర్తిగా మానివేసింది. నేను ప్రక్కనే నిలుచున్నా చప్పుడు లేదు. తోక కాళ్ళ మధ్యకు పోయేది, చెవులు వెనుకకు వాలేవి. దానిని నేను వినయము అనుకున్నాను. మిత్రులకు గర్వముగా చెప్పుకొన్నాను కూడా.

ఆ సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ళ మనుమరాలు వచ్చారు. కనుమ నాడు మధ్యాహ్నము టైగరు గిన్నెలో రోజూ ఉండని మాంసపు ముక్కలు పడ్డాయి. పాప ఆడుకొంటున్న బంతి దొర్లుతూ పోయి ఆ గిన్నె దగ్గర ఆగింది. పాప వంగి చేయి చాపింది. నేను నాలుగు గజముల దూరములో కుర్చీలో కూర్చొని చూస్తూనే ఉన్నాను. ఏ చప్పుడూ వినిపించలేదు. ఒక్క క్షణములో పాప మణికట్టు మీద పళ్ళు దిగాయి.

ఇక్కడ కొంచెము ఆగి, వైద్యుడిగా చెప్పవలసినది చెబుతాను. పాపను ఎత్తుకొని కొళాయి దగ్గరకు పరుగెత్తి, ధారగా పడే నీటి క్రింద సబ్బుతో పదిహేను నిముషములు గాయమును కడిగాను. పాప ఏడుస్తుంటే పదిహేను నిముషములు ఒక యుగము. అయినా తగ్గించవద్దు. రేబీస్ వైరసులను గాయము నుంచి తొలగించుటలో సబ్బు, నీరు చేసే మేలు చాలా పెద్దది. పసుపు, కారము, సున్నము, కిరసనాయిలు, ఆకు పసరు ఏదీ పూయవద్దు. కట్టు బిగించవద్దు. తొందరపడి కుట్లు వేయించవద్దు. కడిగిన తర్వాత పోవిడోన్ అయొడిన్ వంటి సూక్ష్మజీవినాశకము అద్ది వైద్యశాలకు వెళ్ళాలి. చర్మము చీలి రక్తము వచ్చిన గాయమునకు టీకాతో పాటు గాయము లోపల, చుట్టూ ఇమ్యునోగ్లాబ్యులిన్ కూడా ఎక్కించాలి. కండలోనికి ఇచ్చే టీకాలు మొదటి దినము, ఆ తర్వాత 3, 7, 14, 28వ దినములలోను, చర్మములోనికి ఇచ్చేవి మొదటి దినము, 3, 7, 28వ దినములలోను వేస్తారు. కరచినది టీకాలు వేయించిన మా సొంత కుక్కే గదా అని నేను ఊరుకోలేదు. మీరూ ఊరుకోవద్దు. రేబీస్ లక్షణములు పొడచూపిన తర్వాత ప్రాణము దక్కుట దాదాపుగా ఉండదు. కరచిన కుక్కను పది దినములు గమనిస్తూ ఉండాలి. అది పది దినములు ఆరోగ్యముగా ఉంటే మిగిలిన మోతాదుల విషయము మీ వైద్యులు నిర్ణయిస్తారు.

ఆ పది దినముల నియమమే టైగరును కాపాడింది. ఆ రాత్రి మా అల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఆయన మర్యాద అటువంటిది. మా అమ్మాయి మాట్లాడింది. "నాన్నా, ఆ కుక్క ఉన్నంత కాలం నేను పిల్లను ఈ ఇంటికి తీసుకురాను." అంతే అన్నది. మరునాడు ఉదయమే వెళ్ళిపోయారు. ప్రక్కింటి వారు ఆటోలో ఎక్కించి ఊరి చివర వదిలివేయుమన్నారు. నేను కాదనలేదు. ఎటు తిరిగీ పది దినములు కళ్ళ ముందు ఉంచుకోవాలి గనుక, ఆ తర్వాత చూద్దామన్నాను. నా భార్య వంటగదిలో నుంచి వింటూనే ఉంది. ఏమీ అనలేదు. ఆ పూట కూడా దానికి అన్నము పెట్టింది.

నాలుగవ దినమున పశువైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. మా అమ్మాయి కంటె వయస్సులో చిన్నది. నేను చెప్పినదంతా విని ఒకే ప్రశ్న అడిగింది. "కరిచే ముందు గుర్రుమందా సార్?"

"లేదమ్మా. ఆ అలవాటు నేను ఎప్పుడో మాన్పించాను," అన్నాను.

ఆమె కొంతసేపు టైగరు మెడ నిమురుతూ ఊరుకొంది. తర్వాత అన్నది. "మీరు మాన్పించింది గుర్రునే సార్, భయాన్ని కాదు. దగ్గరకు రావద్దని చెప్పడానికి దానికి ఉన్న మాట అదొక్కటే. అది కూడా లేకుండా చేశారు."

ముప్పది ఐదు సంవత్సరములు వైద్యము చేసిన వాడికి ఆ మాట ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. ఇన్సులిను తీసుకొనే మధుమేహ రోగులలో రక్తములో చక్కెర బాగా పడిపోతే ముందుగా గుండెదడ, చేతుల వణుకు వస్తాయి. అవి బాధించే లక్షణములే గాని, ప్రాణమును కాపాడే హెచ్చరికలు. వారికి రక్తపుపోటుకో, గుండెజబ్బుకో బీటా గ్రాహక అవరోధకములు ఇస్తే ఆ దడ, ఆ వణుకు మరుగున పడవచ్చును. చక్కెర పడిపోతూనే ఉంటుంది, కబురు మాత్రము రాదు. అందుచే ఆ మందులు వ్రాసేటప్పుడు ఎంతో జాగ్రత్త చెప్పేవాడిని. ఆ నేనే మా ఇంటి వసారాలో దినపత్రిక గొట్టముతో చేసినది సరిగ్గా అదే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టైగరు గుర్తుకు రాలేదు, ఒక దర్జీ గుర్తుకు వచ్చాడు.

చాలా ఏళ్ళ క్రితము నా దగ్గరకు వచ్చే మధుమేహ రోగి అతను. చక్కెర ఎక్కువగా ఉన్నప్పుడల్లా కసురుకొనేవాడిని. "కాళ్ళు తీయించుకుంటావా? కళ్ళు పోగొట్టుకుంటావా? నీకోసం కాదు, నీ పిల్లల కోసమైనా నోరు కట్టుకో!" అని నలుగురిలో కేకలు వేసేవాడిని. అది నా శ్రద్ధకు నిదర్శనమని నా నమ్మకము. కొన్ని నెలలకు అతని పరీక్షల ఫలితములు చక్కబడ్డాయి. వచ్చిన ప్రతిసారీ పరగడుపు చక్కెర బాగుంది. నా మందలింపు పనిచేసిందని మురిసిపోయాను. రెండు సంవత్సరముల తర్వాత ఒకనాడు వచ్చి, "సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానండి," అన్నాడు. కంటి వైద్యులు చూస్తే రెండు కళ్ళలోను మధుమేహము వలన దృష్టిపటలములు దెబ్బతిని రక్తస్రావములు ఉన్నాయి. గత రెండు, మూడు నెలల చక్కెర సగటును తెలిపే గ్లైకేటెడ్ హీమోగ్లోబిన్ పరీక్ష అప్పటికి మాకు దూరపు పట్టణములోనే దొరికేది. చేయిస్తే గుట్టు బయటపడింది. అతను తల దించుకొని చెప్పాడు. "పరీక్ష ఉందంటే మూడు రోజుల ముందు నుంచి అన్నం మానేసేవాణ్ణండి. మీరు కోప్పడతారని."

అతనిని నేను చక్కెర తగ్గించుకొనుమని కొట్టాను. అతను నేర్చుకొన్నది చక్కెర దాచుట. నా ఎదుట అతని గుర్రు ఆగిపోయింది. లోపల జరిగేది జరుగుతూనే ఉంది.

దండనతో వచ్చే చిక్కు ఇదే. దండన ఒక పనిని ఆపగలదు. ఏమి చేయవలెనో నేర్పదు. ఆ పనికి వెనుక ఉన్న భయమును తీయదు సరిగదా, ఇంకొక భయమును చేరుస్తుంది. శిక్షణ విద్యలో కోరిన పని చేసిన వెంటనే మెచ్చిన వస్తువును ఇచ్చి, ఆ పని మరల జరిగేటట్లు చేయుటను ధనాత్మక పునర్బలనము అంటారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన పాఠకులకు ఈ పదము, పావ్లోవ్, థార్న్‌డైక్, స్కిన్నర్ల పేర్లు పరీక్షల కోసము చదివినవే. నేను వైద్యవిద్యలో పావ్లోవ్‌ను జీర్ణరసముల పరిశోధకుడిగానే చదివాను. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చినది కూడా జీర్ణక్రియపై చేసిన కృషికే. ఆహారము నోటికి అందక ముందే, ఆహారము తెచ్చే వారి అలికిడికే శునకములలో లాలాజలము ఊరుట గమనించి ఆయన ఇంకొక దారి పట్టారు. థార్న్‌డైక్ 1898లో పెట్టెలలో మూసిన పిల్లులను గమనించి, మంచి ఫలితమునిచ్చిన పని నిలుస్తుందని, ఇవ్వనిది జారిపోతుందని చెప్పారు. స్కిన్నర్ దానిని ఇంకా ముందుకు తీసుకువెళ్ళారు. నొక్కితే టిక్కుమనే పిల్లల ఆటవస్తువు ఒకటి చేతిలో ఉంటే ఎవరైనా ఇంటివద్దనే శునకమునకు శిక్షణ ఇవ్వవచ్చునని 1951లోనే ఒక వ్యాసము వ్రాసారు. టిక్కుమన్న వెంటనే తిండి వస్తుందని ఒకసారి తెలిస్తే, ఆ శబ్దమే 'నీవు ఇప్పుడు చేసినది సరియైనది' అనే కబురుగా పనిచేస్తుంది. సముద్రములోని డాల్ఫిన్లకు విద్యలు నేర్పినవారు వాడినది కూడా ఈ పద్ధతినే. ఈలవేసి చేపను ఇస్తారు. డాల్ఫిన్‌ను గొలుసుతో కట్టి కొట్టుట ఎలాగూ కుదరదు గదా!

ఇంటి యజమాని ఎవరో చూపించాలన్న నా మిత్రుని సిద్ధాంతమునకు మూలము కూడా తరువాత చదివాను. 1947లో షెంకెల్ అనే శాస్త్రవేత్త జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి, అవి పెత్తనము కోసము పోట్లాడుకొంటాయని వ్రాసారు. అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళ గుంపు సాధారణముగా తల్లి, తండ్రి, వాటి పిల్లలు గల కుటుంబమే అని, 'ఆల్ఫా' అనే మాట అక్కడ తగదని, ఆ మాటకు ప్రచారము తెచ్చిన వారిలో ఒకరైన డేవిడ్ మెక్ 1999లో తానే సరిదిద్దుకొన్నారు. సరిదిద్దిన మాట మా ఉదయపు నడక వరకు ఇంకా చేరలేదు.

ఇంకొక రెండు పరిశోధనలు మాత్రము చెప్పి ఊరుకొంటాను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు 2009లో ప్రచురించిన పరిశీలనలో, ప్రవర్తన బాగాలేదని తెచ్చిన శునకముల యజమానులను విచారిస్తే, కొట్టుట, తన్నుట చేసిన వారిలో 43 శాతము మందికి ఆ శునకములు దూకుడుగా ఎదురు తిరిగాయి. పోర్చుగల్ దేశములో 92 పెంపుడు శునకములపై జరిపి 2020లో ప్రచురించిన పరిశోధనలో దండనతో నేర్పే శిక్షణాలయముల శునకములు శిక్షణ సమయములో పెదవులు నాకుకొనుట, ఆవులించుట, రొప్పుట వంటి ఒత్తిడి లక్షణములు ఎక్కువగా చూపాయి. శిక్షణ తర్వాత వాటి లాలాజలములో కార్టిసాల్ పెరిగింది. ఇంకొక పరీక్షలో గిన్నెను ఒక ప్రక్క పెడితే తిండి ఉంటుందని, రెండవ ప్రక్క పెడితే ఉండదని నేర్పి, తర్వాత గిన్నెను నడుమ పెట్టారు. దండన ఎక్కువగా ఎరిగిన శునకములు ఆ గిన్నె దగ్గరకు మిగిలిన వాటి కంటె నెమ్మదిగా వెళ్ళాయి. మంచి జరుగుతుందనే ఆశ వాటిలో తగ్గిందన్న మాట. ఈ చివరి సంగతి చదివి నేను పుస్తకము మూసివేసాను.

పశువైద్యురాలు నాకు చెప్పిన సూత్రము చాలా చిన్నది. "ఇన్నాళ్ళూ మీరు గిన్నె దగ్గరకు వచ్చిన ప్రతిసారీ దానికి ఏదో పోయింది. ఇకమీదట మీరు వచ్చిన ప్రతిసారీ ఏదో రావాలి." మిగిలినదంతా ఆ మాటను ఓర్పుతో ఆచరించుటే.

ముందుగా ఇంట్లో ఏర్పాట్లు మార్చాము. టైగరుకు అన్నము వెనుక వసారాలో, గ్రిల్లు తలుపు వేసి పెట్టేవారము. తినే సమయములో ఎవరూ అటు వెళ్ళరాదు. పిల్లలున్న ఇంట ఇది మొదటి నియమము. శిక్షణ ఎంత బాగా సాగినా ఇది సడలించకూడదు.

తర్వాత నాకు టిక్కుమనే ఆటవస్తువు దొరకలేదు గనుక 'భేష్' అనే మాటను ఎన్నుకొన్నాను. భేష్ అనుట, వెంటనే సెనగగింజంత ఉడికించిన కోడిమాంసపు తునక ఇచ్చుట. పూటకు పది, పన్నెండు సార్లు. రెండు దినములలో ఆ మాట వినగానే టైగరు చెవులు నిక్కబొడుచుకొనేవి. ఆ తర్వాత కూర్చొనుట నేర్పాను. తునకను ముక్కుకు పైగా పట్టుకొని నెమ్మదిగా తల వెనుకకు జరిపితే, తల పైకి లేచి పిరుదులు వాటంతట అవే నేలకు దిగుతాయి. దిగిన క్షణమున భేష్ అనాలి. నేను మొదట్లో ఆలస్యముగా అనేవాడిని. అప్పటికి అది లేచి నిలబడేది. అంటే, లేచి నిలబడుటకు బహుమతి ఇచ్చానన్న మాట! మందు మోతాదు ఒక్కటే సరిపోదు, వేళ కూడా తప్పకూడదని రోగులకు జీవితమంతా చెప్పిన వాడికి ఒక కుక్క ఎదుట అది అర్థమయింది. ఒక్క సెకను కంటె ఆలస్యము కాకూడదు.

ఇక్కడ మా ఇంటి రహస్యము ఒకటి చెప్పాలి. నేను భోజనమునకు కూర్చొన్నప్పుడల్లా టైగరు ప్రక్కన చేరి మూలిగేది. ఎందుకా అని వారము దినములు గమనిస్తే, మూలిగినప్పుడల్లా నా భార్య బల్ల క్రింద నుంచి అప్పడపు ముక్క అందిస్తోంది. పునర్బలనము మనకు తెలిసి చేసినా, తెలియక చేసినా తన పని తాను చేసుకుపోతుంది. "నువ్వే దానికి మూలుగు నేర్పావు," అన్నాను. "మీ అమ్మాయి చిన్నప్పుడు బజారులో ఏడిస్తే బొమ్మ కొన్నది ఎవరండీ?" అన్నది. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

గిన్నె దగ్గరి పాఠము అన్నిటికంటె కష్టమైనది. టైగరు మామూలు అన్నము తింటుంటే, అది బిగుసుకోనంత దూరములో, ఎనిమిది అడుగులకు ఆగి, గిన్నె వైపు మాంసపు తునక ఒకటి విసిరి, వెంటనే వెనుతిరిగి వెళ్ళేవాడిని. గిన్నెలో ఉన్నదాని కంటె మేలైనది విసరాలి. చూస్తూ నిలబడరాదు. నాలుగైదు దినములకు, నేను కనబడగానే అది తల ఎత్తి నా వైపు ఎదురుచూచుట మొదలుపెట్టింది. అప్పుడు ఒక అడుగు ముందుకు జరిగాను. మూడవ వారములో నాకు తొందర పుట్టింది. ఒకేసారి మూడు అడుగులకు వెళ్ళాను. అది తినుట ఆపి, తల దించి, రాయిలా బిగుసుకొంది. చప్పుడు లేదు. కనుమ నాడు నాకు కనిపించని ఆ బిగువు ఈసారి కనిపించింది. వెనుకకు అడుగులు వేసి, మరునాడు తిరిగి ఆరు అడుగుల దగ్గర మొదలుపెట్టాను. ఏడు వారములకు నేను ప్రక్కకు వెళ్ళి గిన్నెలో తునక వేస్తే తోక ఊపేది. గిన్నెను మాత్రము ఆ తర్వాత ఒక్కసారి కూడా లాగలేదు.

మీలో ఎవరైనా ఇది ప్రయత్నించేటట్లయితే రెండు, మూడు జాగ్రత్తలు. బహుమతిగా ఇచ్చేది ఆహారమే గనుక, ఆ మేరకు భోజనములో తగ్గించాలి. లేకపోతే స్థూలకాయము వస్తుంది. చాక్లెట్లు, ద్రాక్ష, కిస్మిస్, ఉల్లిపాయ, వెల్లుల్లి, జైలిటాల్ కలిపిన తీపి పదార్థములు శునకములకు విషములు. ఉడికిన ఎముకలు విరిగి పేగులను చీల్చగలవు. ఒకసారి కరచిన శునకము విషయములో ఈ వ్యాసము చదివి సొంతముగా మొదలుపెట్టవద్దు. పశువైద్యుల సలహాతోనే చేయండి. హఠాత్తుగా కోపము పెరిగిన శునకమునకు ఎక్కడైనా నొప్పి ఉందేమో కూడా చూపించాలి.

వేసవి సెలవులకు మా అమ్మాయి రాలేదు. నేను రమ్మనలేదు. దసరాకు వచ్చింది. పాప మణికట్టు మీద రెండు తెల్లని మచ్చలు ఉన్నాయి. టైగరు ఉన్న వైపు చూడకుండా గోడ ప్రక్కగా నడిచేది. దగ్గరకు వెళ్ళుమని ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. దూరము నిర్ణయించుకొనే హక్కు కుక్కకు ఇచ్చిన వాడిని, పాపకు ఇవ్వకుండా ఎలా ఉంటాను? మొదటి దినము గది గుమ్మము నుంచి చూసింది. రెండవ దినము గ్రిల్లుకు దూరముగా కుర్చీ వేసుకొంది. మూడవ దినమున, "తాతయ్యా, నేను విసరొచ్చా?" అని అడిగింది. గ్రిల్లు ఇవతల నా ఒడిలో కూర్చొని తునక విసిరింది. టైగరు దానిని అందుకొని, వెనుకకు వెళ్ళి కూర్చొని, ఇంకొకదాని కోసము చూసింది. "భేష్!" అన్నది పాప, నాకంటె సరియైన వేళకు. మా అమ్మాయి గుమ్మములో నిలబడి చూస్తోంది. ఇప్పటికీ వారిద్దరినీ పెద్దవారు లేకుండా ఒకచోట విడిచిపెట్టనివ్వదు. ఆమె చేసేది సరియైన పని.

దర్జీకి నేను చేయగలిగినది ఏమీ లేదు. ఇప్పుడు మా వీధిలోని ఒక ఆవిడ వారమునకు ఒకసారి తన చక్కెర పుస్తకము తెచ్చి చూపిస్తుంది. మొన్న అందులో 286 అని ఉంది. ప్రక్కన 'పెళ్ళి భోజనం, రెండు జిలేబీలు' అని తానే వ్రాసుకొంది. వ్రాసినందుకు మెచ్చుకొన్నాను. జిలేబీల సంగతి ఆ తర్వాత మాట్లాడుకొన్నాము.

పోయిన నెల కొళాయి బాగుచేసే అబ్బాయి వచ్చాడు. గ్రిల్లు తలుపు వేసే ఉంది గాని, గొట్టము వసారాలోనే ఉంది. టైగరు తింటోందని తెలియక, సంచి భుజాన వేసుకొని తలుపు గడియ మీద చేయి వేసాడు. లోపల నుంచి సన్నగా, గొంతులోనే, గుర్రుమని వినిపించింది. అబ్బాయి చేయి వెనుకకు తీసుకొన్నాడు.

"ఏమండీ, గుర్రుమంటోందే!" అన్నది నా భార్య వంటగదిలో నుంచి, కంగారుగా.

"విన్నాను," అన్నాను. అబ్బాయికి కుర్చీ వేసి, "కాసేపు కూర్చో బాబూ, దాన్ని తిననివ్వు," అని చెప్పాను. ఆ శబ్దము ఆ ఇంట్లో వినిపించి దాదాపు రెండు సంవత్సరములు అయింది.